గేరు పట్టిన ఉదయం

"కదలదు," అంది అక్కగారు. "ఇంజన్ గొంతు చించుకుంటుందే గానీ చక్రం తిరగదు. మీరే చూస్తారుగా."

"చూడ్డానికే కదా పొద్దున్నే నిద్ర పాడుచేసుకుని వచ్చాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆవులింతని దాచుకునే ప్రయత్నమేమీ చేయకుండా.

అక్కగారు నిజానికి ఎవరికీ అక్క కాదు. బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లని పరీక్షించీ పరీక్షించీ విసుగెత్తి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న మనిషి. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక అందరూ ఆవిణ్ణి అక్కగారనే అంటారు. ఇన్‌స్పెక్టరూ అలాగే అంటాడు గానీ, ఆయన నోట్లోంచి వచ్చేసరికి ఆ మాట కాస్త వంకర తిరుగుతుంది.

వాళ్ళు నిలబడింది ఒక ఇంటి కారు షెడ్డులో. మధ్యలో ఒక ముసలి కారు, దాని తలుపుల మీద పోలీసు సీళ్ళు. నాలుగు రోజుల క్రితం పొద్దున, ఈ బండికీ దాని ఎదురుగా మూసి ఉన్న ఇనుప గేటుకీ మధ్య నలిగి ఇంటి పెద్దాయన చనిపోయాడు. అప్పుడు స్టీరింగు ముందున్నది ఆయన కోడలు. ఆమె కావాలనే గుద్దిందని ఇన్‌స్పెక్టర్ అంటాడు. అలా జరగడానికి వీల్లేదని అక్కగారు అంటుంది. ఇద్దరూ జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

అక్కగారి వాదనకున్న బలమంతా ఆ బండి జబ్బులోనే ఉంది. అది ఆటోమేటిక్ గేర్ల బండి. గేర్‌బాక్సు లోపలి రబ్బరు సీళ్ళు వయసుతో బిరుసెక్కిపోయాయి. చల్లగా ఉన్నంతసేపూ లోపల ఆయిల్ ఒత్తిడి నిలవక గేరు జారిపోతుంది. వేడెక్కి సీళ్ళు మెత్తబడితే గానీ పట్టదు. రాత్రంతా చల్లారిన అలాంటి బండి పొద్దున్నే మనిషి మీదకి ఎలా దూకుతుంది? కోడలి బతుకంతా ఇప్పుడు ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. మధ్యాహ్నం ఆమెని కోర్టుకి పంపుతారు. అక్కణ్ణుంచి జైలుకి.

పరీక్ష పెట్టించమని పట్టుబట్టింది అక్కగారే అయినా, ఆ ఆలోచన మాత్రం ఆవిడకి కేసు అప్పగించిన పెద్దాయన కొడుకుది. "చల్లగా ఉన్నప్పుడు నడిపించి చూడమనండి మేడమ్, మా ఆవిడ తప్పు లేదని బండే చెబుతుంది," అన్నాడు మొదటి రోజే. తామిద్దరూ విడిపోవడానికి కోర్టు మెట్లెక్కామనీ, అందులో తన తండ్రి కోడలి తరఫున సాక్ష్యం చెబుతానన్నాడనీ కూడా దాచకుండా చెప్పేశాడు. విడిపోబోయే భార్య కోసం ఇంత తాపత్రయపడే మగవాణ్ణి చూసి అక్కగారి మనసు కరిగింది. అంత తేలిగ్గా కరిగే మనసు కాదు అది.

ఆడ కానిస్టేబులు కోడల్ని లోపలికి తీసుకొచ్చింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రోజూ ఏం చేస్తారో ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పమ్మా. ఏదీ వదలకుండా," అంది అక్కగారు.

"నేను స్టార్ట్ చేసి డ్రైవ్‌లో వేస్తానండి. బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటాను. మామయ్యగారు ముందు నిలబడి రెండు చేతులూ బానెట్ మీద పెడతారు."

"ఎందుకు పెట్టడం?"

"గేరు పట్టేముందు బండి కొంచెం ముందుకి ఒరుగుతుందండి. అది ఆయన చేతులకి తెలుస్తుంది. 'పట్టిందమ్మా' అంటారు. నేను బ్రేకు తొక్కుతాను, ఆయన పక్కకి జరిగి గేటు తీస్తారు. రోజూ బండికి నాడి చూస్తున్నాననేవారు."

"గేటు ముందే తీసిపెట్టి హాయిగా లోపల కూర్చోవచ్చుగా."

"బయట పల్లం కదండీ. ఒకసారి గేరు పట్టకముందే బయటికొస్తే బండి జారి రోడ్డు మీదకి పోయింది. కొద్దిలో బస్సు కింద పడడం తప్పింది. అప్పట్నుంచీ పట్టాకే గేటు తీయాలని ఆయన రూలు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా వేడెక్కకుండా పట్టింది లేదు."

ఇన్‌స్పెక్టర్ అక్కగారి వైపు తిరిగాడు. "స్టార్ట్ చేసి గేరులో ఉన్న బండి ముందు నిలబడే మనిషిని నా సర్వీసులో చూడలేదు."

"మీ ఇంట్లో మీరు రోజూ చేసే పనులు చెబితే నేనూ నోరు వెళ్ళబెడతానేమో. పరీక్ష మొదలుపెట్టండి."

బండికీ గేటుకీ మధ్య పాత టైర్లు పేర్చారు. సీలు చించారు. కోడలు ఎక్కి కూర్చుంది. ఇంజన్ ఒకటి రెండుసార్లు దగ్గి అందుకుంది. ఆమె డ్రైవ్‌లో వేసి, బ్రేకు వదిలి, అక్కగారి మొహంలోకి చూసింది.

"రోజూ తొక్కినట్టే తొక్కు," అంది అక్కగారు.

ఆమె తొక్కింది. బండి ఒక్క ఉదుటున దూకి టైర్లని గుద్దింది. ఇనుప గేటు దద్దరిల్లింది. కోడలు రెండు చేతుల్లో మొహం దాచుకుని కేక పెట్టింది. ఇంజన్ ఇంకా టైర్లని గేటుకేసి నెడుతూనే ఉంది. ఆడ కానిస్టేబులు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పింది.

"ఇదేనా అక్కగారూ, కదలని బండి?"

కోడలిని దింపి తీసుకెళుతుంటే గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది. "ఆ రోజు కూడా ఇంతేనండీ. తొక్కగానే... ఇది మా బండి కాదేమో అనిపించింది," అంది. ఆ గొంతులో ఎవరైనా నమ్ముతారన్న ఆశ ఇక మిగల్లేదు.

ఇన్‌స్పెక్టర్ చేతి తొడుగులు విప్పి జేబులో కుక్కుకున్నాడు. "పెద్దాయన మాట మార్చుకున్నాడు. కోడలి తరఫున సాక్ష్యం చెప్పనని చనిపోయే ముందు కొడుకుతో అన్నాట్ట. ఆ సంగతి నాకు చెప్పడానికి పాపం ఆ కొడుకు ఎంత గింజుకున్నాడో నేను చూశాను. అంటే ఆమెకి కోపం ఉంది, చేతిలో బండి ఉంది. ఇక మిగిలింది బండి కదలదన్న అబద్ధం. అది అబద్ధమని మీరే దగ్గరుండి తేల్చిపెట్టారు. మీరు నా పక్షాన పనిచేస్తారని అనుకోలేదు."

"మధ్యాహ్నం దాకా టైముంది."

"టైముంది. చెప్పడానికే ఏమీ లేదు. బండి కావలిస్తే చూసుకోండి, నాకిక దీంతో పని లేదు."

జీపు వెళ్ళిపోయింది. అక్కగారు ఆ బండిని చూస్తూ నిలబడిపోయింది. ఆవిడకి ఏడుపొచ్చేలా ఉంది గానీ, ఏడవడం చేతకాని మనిషి కావడంతో బానెట్ ఎత్తింది. గేర్‌బాక్సు ఆయిల్ చూసే కడ్డీ పైకి లాగి చేతిరుమాలుకి తుడిచింది. ఏళ్ళ తరబడి గేరు జారిన బండిలో ఆయిల్ మాడు వాసన వేస్తుంది, బొగ్గు కలిపినట్టు నల్లబడుతుంది. రుమాలు మీద పడ్డ మరక మాత్రం ఎర్రగా, గాజులా తేటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నా మాడు వాసన లేదు.

అట్టముక్క ఒకటి పరుచుకుని బండి కిందకి దూరింది. వయసులో ఆవిడ కంటే బండే చిన్నది, ఆ సంగతి నడుము గుర్తుచేసింది. గేర్‌బాక్సు అడుగు పళ్ళెం చుట్టూ మట్టి తుడిచేసి ఉంది. బిగించిన ప్రతి బోల్టు మీదా చిన్న పసుపు రంగు చుక్క. తను బిగించాక వేరేవాడెవడైనా చెయ్యి పెడితే తెలియాలని బోల్టుకో చుక్క పెట్టే మేస్త్రి ఆవిడకి తెలిసినవాడే. బీమా రోజుల్లో అతన్ని చుక్కల మేస్త్రి అనేవారు.

చావు జరిగిన రోజునుంచీ బండికి సీలు ఉంది. అంటే బాగుచేసింది అంతకుముందే.

బయటికి వచ్చేసరికి పెద్దాయన కొడుకు మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"మీ నాన్నగారు ఈమధ్య గేర్‌బాక్సు ఏమైనా బాగుచేయించారా బాబూ?"

"లేదు మేడమ్. దీని మీద ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేవారు కాదు."

"ఏ మేస్త్రి దగ్గరికి వెళ్ళేవారు?"

"నాకు తెలీదండీ. మా ఇద్దరికీ మాటలు లేవు, మీకు తెలుసుగా." గ్లాసు అందిస్తూ మెల్లగా అన్నాడు. "మీరు చేయగలిగిందంతా చేశారు. మీ తప్పేం లేదు."

ఓదార్చాల్సినవాడు తననే ఓదారుస్తుంటే అక్కగారు సిగ్గుతో చచ్చిపోయింది. "మీరు స్టేషనుకి వెళ్ళండి. ఆ పిల్ల పక్కన ఎవరో ఒకరు ఉండాలి," అని చెప్పి బయల్దేరింది.

చుక్కల మేస్త్రి ముందురోజే ఊరినుంచి వచ్చాడు. కూతురికి కాన్పు అయితే చూడ్డానికి వెళ్ళాడట. అక్కగారు పెద్దాయన బండి సంగతి ఎత్తగానే అతని మొహం వెలిగింది.

"చేశానమ్మా. గేర్‌బాక్సు దించకుండానే కిందనుంచి అందే సీళ్ళు మార్చాను, అదృష్టం బాగుండి జబ్బు అక్కడే ఉంది. ఆయిల్ కొత్తది, ఫిల్టరు కొత్తది. మధ్యాహ్నం దాకా నీడలో చల్లారబెట్టి చూశాను, వేయగానే పట్టింది. పెద్దాయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. ఎలా నడుస్తోంది?"

అక్కగారు చెప్పింది. మేస్త్రి చేతిలోని రెంచి కింద పెట్టి, నిలబడ్డచోటే నేల మీద కూర్చున్నాడు.

"అయితే నేను బాగుచేయడం వల్లే."

"అది తరవాత. బాగైందని ఆయనకి తెలుసు, తనే దగ్గరుండి చూశాడు. మరి మర్నాడు పొద్దున బండి ముందుకెళ్ళి ఎందుకు నిలబడ్డాడు?"

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "సాయంత్రం బండి తీసుకెళ్ళి కాసేపటికి మళ్ళీ వచ్చారమ్మా. అదే బండిలో. దిగి, 'మేస్త్రీ, చల్లగా ఉంటే గేరు జారిపోతోంది, నీకెప్పుడు తీరిక?' అన్నారు. నాతో పరాచికాలాడుతున్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు."

అక్కగారు అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఇందాకే చేశాను కదండీ అన్నాను. నా మొహం వంక అలా చూసి, 'అవునవును' అని తల దించుకుని వెళ్ళిపోయారు. ఆయనకి మరుపు వచ్చిందని అప్పుడు తెలిసింది. నాకు మనసొప్పక—"

"తక్కినది దారిలో చెబుదువు గాని. లే, స్టేషనుకి పోదాం."

దారిలో అతను ఏడుస్తూ కూర్చున్నాడు, ఆవిడ ఇన్‌స్పెక్టర్‌తో ఏం మాట్లాడాలో కూర్చుకుంటూ బండి నడిపింది. హంతకుడంటూ ఎవడూ లేడు. బాగుచేయించుకున్న సంగతి మరిచిపోయిన ముసలాయన, ఆ సంగతే తెలియని కోడలు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని చావు అది.

ఇన్‌స్పెక్టర్ మేస్త్రి చెప్పిందంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "ముసలాయన మరిచిపోయాడు, సరే. కోడలికి తెలియదని ఏమిటి నమ్మకం? బాగైందని తెలిసే తొక్కి ఉండొచ్చుగా."

"తెలిసినదైతే పొద్దున మీ ముందు ఏం చేసేది?" అంది అక్కగారు. "బండి కదలకూడదు, అదే ఆమెకి కావాల్సింది. ఎడమ కాలు బ్రేకు మీద పెట్టి కుడికాలితో తొక్కితే సరిపోయేది. ఇంజన్ అరిచేది, బండి నిలిచేది, మీరూ నేనూ నమ్మేవాళ్ళం. ఆమె ఏం చేసింది? పరీక్ష నెగ్గాల్సిన మనిషి పోలీసుల కళ్ళ ముందు పోయి గేటుని గుద్దింది. ఆ బండి కదలదని నిజంగా నమ్మినవాళ్ళు తప్ప ఇంకెవరూ అలా తొక్కరు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. గోడ మీద గడియారం చూశాడు. కోర్టుకి బయల్దేరే వేళ దాటుతోంది.

"హత్య తీసేసి నిర్లక్ష్యం కింద పెడతాను," అన్నాడు చివరికి. "పూచీకత్తు మీద ఇంటికి పోవచ్చు. ఇంటి మనిషి సంతకం చేయాలి. మీరు గెలిచారని మాత్రం నాచేత అనిపించకండి."

కొడుకు వరండాలోనే ఉన్నాడు. పిలవగానే వచ్చి సంతకం చేశాడు. అక్కగారికి చేతులు జోడించాడు. షెడ్డులోని బండే వేసుకొచ్చినట్టున్నాడు, దాన్ని చూసి కోడలు మెట్ల మీదే ఆగిపోయింది. అతను వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"మా పాప ఇంట్లో ఒక్కతే ఉంటుంది కదండీ, వెళ్ళక తప్పదు," అంది కోడలు అక్కగారి చెయ్యి పట్టుకుని, అతనికి వినపడకుండా. "రేపు పాపని తీసుకుని మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. మామయ్యగారు లేని ఇంట్లో నేనుండలేను." అక్కగారు ఆమె తల నిమిరింది. బండి చప్పుడు లేకుండా, మెత్తగా, గేటు దాటిపోయింది.

లోపలికి రాగానే ఇన్‌స్పెక్టర్ టీ తెప్పిస్తానన్నాడు. వాళ్ళిద్దరి పరిచయంలో అంతవరకూ జరగని విషయమది. బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"ఆ బాబుగారు వెళ్ళిపోయారా అమ్మా? క్షమించమని ఒక్కమాట అడుగుదామనుకున్నాను. ఆ రోజు ఫోన్‌లో గొంతు వినడమే గానీ మనిషిని ఇప్పుడే చూశాను."

"ఏ ఫోను?"

"అదేనమ్మా, చెప్పబోయాను కదా. పెద్దాయన మరుపు చూసి నాకు భయమేసింది. బండి ముందు నిలబడి నాడి చూస్తానని నాతోనూ గొప్పగా చెప్పేవారు. అందుకని ఇంటికి ఫోన్ చేశాను. గేరు బాగైంది, చల్లగా ఉన్నా వెంటనే పట్టేస్తుంది, ముందు నిలబడనివ్వకండి, ఆయన మరిచిపోతారు, ఇంట్లో అందరికీ చెప్పండి అన్నాను. బాబుగారే ఎత్తారు. 'సరే, నేను చెప్తాలే' అన్నారు."

అక్కగారు బల్ల అంచు పట్టుకుంది. మాటలు లేని తండ్రి, తన మనసు మారిందని ఏ నోటితో కొడుక్కి చెప్పాడు? గేర్‌బాక్సుని ఎవరూ ముట్టుకోలేదని ఇవాళ పొద్దున కూడా అబద్ధం ఆడాడు. పరీక్ష పెట్టించమని తన చెవిలో వేసింది అతనే. బండి దూకుతుందని, దాంతో భార్య మాట అబద్ధమైపోతుందని తెలిసే వేశాడు. కోర్టులో తన మీద సాక్ష్యం చెప్పబోయిన తండ్రీ, కేసు వేసిన భార్యా ఒక్క పొద్దున్నే అడ్డు తొలగిపోవాలి. దానికోసం అతను వేలు కూడా కదపలేదు. మంచం మీద పడుకుని ఇంజన్ చప్పుడు విన్నాడంతే. మిగిలింది అక్కగారి చేత చేయించాడు.

"మరిచిపోయాడేమో," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట తనే నమ్మనట్టు అన్నాడు.

"మరిచిపోయినవాడు తండ్రి పోయాకైనా గుర్తొచ్చి గుండెలు బాదుకుంటాడు. పట్టుకోండి అతన్ని."

"ఏమని పట్టుకోను అక్కగారూ?" ఈసారి ఆ మాటలో వంకర లేదు. "ఫోనే రాలేదంటాడు. వచ్చింది గానీ సరిగ్గా వినపడలేదంటాడు. బండిని తాకలేదు, మనిషిని తాకలేదు. నోరు మూసుకుని కూర్చున్నాడు. దానికి నా దగ్గర సెక్షన్ లేదు."

"సెక్షన్ సంగతి తరవాత. ముందు ఆ పిల్లని దింపించండి."

"జీపు కోర్టుకి వెళ్ళింది. కబురు పెడతాను." ఆయన లేచి వైర్‌లెస్ వైపు నడిచాడు.

అక్కగారు కోడలి నంబరు నొక్కింది. ఇన్‌స్పెక్టర్ బల్ల సొరుగులో ఫోన్ మోగింది. సాక్ష్యంగా తీసుకున్న ఫోన్ తిరిగి ఇవ్వడం ఎవరికీ గుర్తులేదు. ఆవిడ ఆ మోత ఆపి, కొడుకు నంబరు నొక్కింది. తనకి తెలిసిపోయిందని అతనికి తెలియకూడదు. ఆ పిల్ల కోసం బయట ఎవరో కాచుకుని ఉన్నారని మాత్రం తెలియాలి.

"చెప్పండి మేడమ్." వెనక ఇంజన్ సన్నగా వినపడుతోంది.

"ఆమెకి ఒకసారి ఫోనివ్వండి బాబూ."

"వెనక సీట్లో నిద్రపోయిందండీ. ఇన్ని రోజులుగా కన్ను మూయలేదు పాపం. ఏమైనా చెప్పాలా?"

"ఏం లేదు. రేపు వాళ్ళ అక్క దగ్గరికి బయల్దేరే ముందు నన్ను కలవమనండి. నేను ఎదురుచూస్తూ ఉంటాను."

అవతల కాసేపు మాట లేదు. అప్పటికి గానీ తన నోట్లోంచి ఏం జారిందో అక్కగారికి తెలియలేదు.

"రేపు వెళ్ళిపోతోందా?" అన్నాడతను. "నాతో అననే లేదు."

"బాబూ, ఒక్కసారి బండి ఆపి..."

"సరే మేడమ్," అన్నాడు మర్యాదగా. "నేను చెప్తాలే."